గేటు కాడ బల్ల

నా పని చేతుల్తో కాదు, ముక్కుతో.
సంచి జిప్పు తీయకముందే తెలిసిపోతాది
లోపల ఉగ్గాని ఉండాదా, ఒట్టి దువ్వెనా అని.
మిరపకాయ బజ్జీ వాసనను
ఏ కవరూ దాచలేదు.

"బయటి తిండి లోపలికి రాకూడదమ్మా."
దినానికి నాలుగాటలు,
ఆటకు నూరుసార్లన్నా ఈ మాట అంటాను.
నిద్దట్లో కూడా అంటానంట.
మనవరాలు చెప్పి నవ్వుతాది.

బల్ల మీద పేరుకుంటాయి
నిప్పట్లు, అలసంద వడలు, ఆకులో చుట్టిన ఓళిగలు,
సగం తాగిన నీళ్ల సీసాలు.
ఒక్కోదానికి ఒక్కో టోకెను.
ఆట అయినాక సగం మంది టోకెన్లు తిరిగి రావు.
సిగ్గుతోనో, బస్సు తొందరతోనో.

మొన్న ఒకాయన జేబులో రెండు బిస్కెట్లు దొరికినాయి.
"షుగరమ్మా, సూది ఏసుకోని వచ్చినా,
మధ్యలో కండ్లు తిరుగుతాయి" అన్నాడు.
నేను మేనేజరు వైపు చూసినా.
మేనేజరు గోడ మీది బోర్డు వైపు చూసినాడు.
బోర్డు ఎవరి వైపూ చూడదు.

లోపల అద్దాల పెట్టెలో
మొక్కజొన్న పేలాలు ఎగిరెగిరి పడతాంటాయి.
చిన్న డబ్బా నూటాతొంబై, పెద్దది మూడొందల పది.
నీళ్లు అరవై. అనంతపురంలో నీళ్లకు ఎప్పుడూ విలువే,
అయినా అరవై.
"పెద్దది తీసుకుంటే లాభం సార్" అంటాడు
కౌంటర్లో ఓబులేసు.
ఎవరికి లాభమో వానికి ట్రైనింగులో చెప్పలేదు.

నా కూలి మూడొందల యాభై.
అంటే ఒక పెద్ద డబ్బా, పైన నలభై చిల్లర.
ఇట్లా లెక్కేసుకోకూడదు.
వేసుకుంటే సాయంత్రం దాకా నిలబడలేను.

అట్లని పాత కాలమంతా బంగారమని అననులే.
మా ఆయన పాత హాల్లో గోలీసోడా అమ్మినాడు.
బయట రూపాయి, లోపల రూపాయిన్నర.
ఆ అర్ధరూపాయిలో పావలా గేటాయనకు.
ఇంటర్వెల్లో పిల్లోళ్లు సోడా వైపు చూస్తాంటే
ఆయన వేరే వరస వైపు అరుచుకుంటా పోయేవాడు.

శనివారం మ్యాట్నీకి
శింగనమల కాడి నుంచి ఒకామె వచ్చింది, ముగ్గురు పిల్లోళ్లతో.
టికెట్లు నాలుగూ గుప్పిట్లో చెమటకు మెత్తబడినాయి.
సంచి తెరిచి తనే చూపించింది.
ఒక తువ్వాల, ఒక మందుచీటీ. ఏమీ లేదు.

కానీ నాకు తెలిసిపోయింది.
ఉప్పేసి ఉడకబెట్టిన బుడ్డలు.
కొంగు ముడిలో, నడుం కాడ, ఇంకా వెచ్చగా.
చిన్నోడు ఆ ముడిని చేత్తో అదిమి పట్టుకోనుండాడు,
కడుపునొప్పి ఉన్నోని మాదిరి.

"పోండి పోండి" అన్నా.
ఆ పొద్దు నాకు ముక్కు దిబ్బడేసిందనుకో.

లోపల హీరో తల్లి సచ్చిపోయే సీను.
హాలంతా చప్పుడు లేకుండా ఉండాది.
ఎనిమిదో వరసలో మాత్రం
టప్పు. కొంచేపాగి, టప్పు.
తలుపు కాడ నిలబడి విన్నా.
ఎవరో "ష్" అన్నారు.
ఇంకెవరో "యాడివమ్మా, రెండియ్యి" అన్నారు.

ఆట వదిలినాక సీట్ల కింద తొక్కలు.
"గేట్లో ఎవురు?" అని మేనేజరు కేకేసినాడు.
"దస్తగిరమ్మ సార్."
సగం దినం కూలి కోసినాడు.
మిగిలిన దాంతో చిన్న డబ్బా కూడా రాదు.
మళ్లీ లెక్కేసినా, చూడు.

చీపురు పట్టే లింగమ్మ దగ్గరికొచ్చి
నా చేతిలో ఏదో పెట్టి పోయింది.
పగలగొట్టని కాయలు, మూడు.
ఒకటి పుచ్చు. ఒకదాంట్లో రెండు గింజలు.
ఒకదాంట్లో మూడు, లేతవి, నాలిక మీదే కరిగినాయి.

ఫస్ట్ షోకు గంట కొట్టినారు.
వరసలో ముందున్నామె సంచి తీసుకున్నా.
"బయటి తిండి" అని మొదలుపెట్టినా.
ఆమె నా వేళ్ల వైపు చూసింది.
ఒకసారి ముక్కు ఎగబీల్చింది.
ఏమీ అనలేదు.